ఎనిమిది గంటల మాత్ర

అప్పటికి నాయినకు కాలేయం మార్చి ఏడు నెలలైంది. ఇచ్చింది నేనే, నా కాలేయంలోంచి ఓ ముక్క. ఆ ముక్కను ఒళ్లు పరాయిదనుకుని తరిమేయకుండా పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి మాత్ర పడాలి. మేడ్చల్‌లో మా పక్కింటివాళ్లు నా ఫోన్ అలారం విని గడియారం సరిచేసుకునేవాళ్లు. ఆ విషయంలో నాకు మహా పొగరు.

నెలకోసారి పరీక్షరోజు మాత్రం రక్తం ఇచ్చాకే మాత్ర వేయాలి. మందు ఒంట్లో ఎంత నిలిచిందో అప్పుడే తెలుస్తుంది.

2012 వానాకాలంలో అలా పరీక్షకు వెళ్తుంటే గుండ్లపోచంపల్లి దగ్గర లారీ అడ్డం తిరిగి మా బస్సు ఆగిపోయింది. ఎనిమిదికి అలారం మోగింది. అలవాటుకొద్దీ డబ్బా తీశాను. నాయిన నోరు తెరిచాడు. మింగాక గానీ నా బుర్రకు తట్టలేదు.

ఆస్పత్రిలో రక్తం తీసే అమ్మాయి అడిగింది.

"పొద్దుగాల గోలి ఏసుకోలే గదా?"

వేసుకున్నామంటే మళ్లీ రేపు రమ్మంటారు. నాయినేమో నిలబడలేక గోడకు ఆనుకున్నాడు.

"ఏసుకోలే," అన్నాను. సిగ్గులేకుండా, అంత తేలిగ్గా.

అప్పుడే మింగిన మందు కదా, రక్తంలో మోతాదు మించి కనపడింది. మర్నాడు డాక్టర్ ఫోన్ చేసి మందు సగానికి తగ్గించమన్నాడు. నిజం చెబితే తిడతాడని నోరు మూసుకున్నాను. ఆ సగం మందునే టంచనుగా ఇచ్చుకుంటూ పోయాను.

మూడు వారాలకు నాయిన కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ ఆస్పత్రిలో చేర్చాం. సగం మందైనా సరిపోవాలన్నది డాక్టర్ లెక్క, అందుకే నాయిన మీద మండిపడ్డాడు.

"గోలీలు ఎగ్గొట్టినవా పెద్దాయనా? బిడ్డ కడుపు కోసుకుని ఇస్తే గిదేనా నువ్వు జేసేది?"

నాయిన తల దించుకున్నాడు.

"మర్సిపోయిన సారూ. తప్పు నాదే."

ఒక్కపూట కూడా మరవని మనిషి! ఇక ఆగలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. డాక్టర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెద్ద ఇంజక్షన్లు రాసి వెళ్లిపోయాడు.

"ఎందుకు జెప్పినవ్ బిడ్డా?" అన్నాడు నాయిన, నా చెయ్యి పట్టుకుని. "ఇగ నేను పోతే నీ వల్లనే పోయిన అనుకుంటవ్ గదా, జిందగీ అంత."

ఇంజక్షన్లు పనిచేయలేదు. నెల తిరక్కుండానే పోయాడు. నేను అలాగే అనుకుంటున్నాను.