చెంపదెబ్బ బలం

కొడవలి మొన పొయ్యిలో ఎర్రబడుతుండగా అమ్మ తన కుడి భుజం మీది గుడ్డను తానే తొలగించుకుంది. అంతకుముందు పెట్టిన రెండు వాతలు అక్కడ నల్లగా పెచ్చుకట్టి ఉన్నాయి. మూడోది పెట్టడానికి అమ్మకు అన్న అయిన మావయ్య పీట వేసుకుని కూర్చున్నాడు. మా కొండ మీద నియమం ఒకటే: నొప్పి ఎక్కడుంటే వాత అక్కడే.

ఆ నొప్పి కాఫీ పళ్ల కోతల్లో మొదలైంది. తోట నుంచి రోడ్డు దాకా నెల్లాళ్లు బస్తాలు తలమీద మోసిన తర్వాత, మెడ తిప్పితే చాలు, జబ్బలోంచి బొటనవేలి దాకా ఎవరో ఇనుప తీగ దూర్చి లాగినట్టుండేది. అమ్మ పళ్లు బిగించి గోడకు తల కొట్టుకునేది.

ఎదుటివారి వాదాన్ని ముందు పూర్తిగా వినాలన్నది కళాశాల డిబేట్లలో నేను నేర్చుకున్న మొదటి ధర్మం. అందుకే అడిగాను.

"మావయ్యా, రెండు వాతలకు తగ్గనిది మూడోదానికి ఎందుకు తగ్గుతుంది?"

"రెండిటికీ బెదిరింది, మూడోదానికి పారిపోద్ది. నొప్పికి నీలాగ ఉపన్యాసాలు తెలవవే గుంటా. కాలితే కదుల్తాది."

"మరి వేళ్లకు తిమ్మిరెక్కితే వేళ్లనూ కాలుస్తావా?"

"అడిగితే కాలుత్తాను."

"నువ్వు నోర్మూసుకోయే," అంది అమ్మ. "ఒళ్లు నాది. నానే పెట్టమన్నాను."

ఎవరి దేహం మీద హక్కు వారిదేనని వాదించి కప్పులు గెలుచుకున్నది నేనే. మావయ్య కొడవలి పైకి తీశాడు. జవాబు లేనివాళ్లు చేసే పనే నేనూ చేశాను. అతని మణికట్టు పట్టి మెలిపెట్టాను. కొడవలి మొన నా ముంజేతిని గీసుకుంటూ పోయింది. చర్మం కాలిన వాసన వచ్చింది. అమ్మ లేచి కుడిచేత్తో నన్ను చెంపమీద కొట్టింది.

చిన్నప్పుడు ఆ చెయ్యి పడితే పొద్దుగూకే దాకా చెవి గింగురుమనేది. ఆరోజు తడిగుడ్డ తగిలినట్టు తగిలింది. ఆమె మళ్లీ ఎత్తబోయింది. చెయ్యి సగం దాకా లేచి జారిపోయింది.

మావయ్య నవ్వబోయి ఆగాడు. "ఏటే, కొట్టలేకపోతన్నావా?"

అమ్మ తన అరచేతిని తిప్పి, పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది.

మావయ్య కొడవలిని నీళ్ల బక్కెట్లో ముంచాడు. అది బుస కొట్టింది. "నొప్పికైతే వాతెడతాను. బలమే పోతే నాకాడ మందు లేదు. బేగి ఆస్పత్రికి తీసుకుపో."

ఆస్పత్రిలో డాక్టరమ్మ అమ్మ తలను కుడివైపు వంచి, నడినెత్తిన రెండు చేతులతో అదిమింది. అమ్మ కేక వరండా దాటిపోయింది.

"ఈవిడ మా అన్నకన్నా కసాయిలా ఉందే!"

డాక్టరమ్మ నవ్వింది. గడ్డం కింద, తల వెనక చేతులు వేసి తలను మెల్లగా పైకి ఎత్తిపట్టగానే అమ్మ జబ్బలో ఆ ఇనుప తీగ లాగడం ఆగింది.

"మెడ ఎముకల మధ్య నరం నలుగుతోంది. భుజాన్ని ఊరికే కాల్చారు," అంది ఆమె. మాత్రలు రాసింది, మెడకు వ్యాయామం చూపించింది. "ఆరు వారాలు తలమీద బరువు పెట్టకూడదు. చేతిలో బలం ఇంకా తగ్గితే మాత్రం వెంటనే రండి. స్కాన్ తీయాలి, ఆపరేషనూ అవసరం కావచ్చు."

అప్పటినుంచి రోజూ ఉదయాన్నే అమ్మ ముందు చెయ్యి చాచి, నా మణికట్టు నొక్కమనేదాన్ని. మొదటి మూడు వారాలు ఆమె గోళ్లు నా చర్మంలో దిగలేదు.

ఆరో వారం నడుస్తుండగా, చివరి కోత బస్తాను ఆమె తలకెత్తుకోబోతుంటే చూశాను. పరుగున వెళ్లి లాగేశాను. పళ్లు వాకిలంతా చెదిరిపోయాయి.

"కోసిందంతా మట్టిపాలు సేసినావు గదే!"

దెబ్బ పడింది. చెవి గింగురుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ తన చేతినీ నా చెంపనూ మార్చిమార్చి చూసింది.

"ఇంకోటి కొట్టు," అన్నాను. "బస్తా మాత్రం ఎత్తకు."

"సాల్లే, సంబడం. ముందు పళ్లు ఏరు," అంటూ ఆమె మట్టిలో చతికిలబడి, కుడిచేతి బొటనవేలితో, చూపుడువేలితో ఒక్కొక్క పండునే గట్టిగా పట్టి ఏరసాగింది.