గోదాం అయింది, మరి గోదాం మనిషి?

మీరు అబద్ధమాడుతున్నారు. "బంగారమసొంటి మనిషి" అని కామారెడ్డి బజారులో ఇప్పుడు తలలూపుతున్న మీరే, ఆయన బతికుండగా వీధి మొదట్లో ఆయన నల్లగొడుగు కనబడితే గల్లాపెట్టె వదిలి వెనక గదిలోకి జారుకున్నవాళ్లు. "పొద్దుగాల్నే చావు ముచ్చట తెచ్చిండు" అని ఆయన కూర్చుని లేచిన చోట నీళ్లు చల్లించింది మీరే. మా బీమా పంతులు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, కామారెడ్డిలోని తన అద్దె ఇంట్లో, ఉబ్బసం ఎక్కువై కన్నుమూశారు. పాడె మోయడానికి మీలో చాలామంది వచ్చారు. మోయడం తేలికే. ఆయన చెప్పింది వినడమే మీకు బరువైంది.

నేనూ తక్కువ తినలేదు. ఎల్లారెడ్డి గ్రంథాలయంలో, ఆయన ముందు వరుసలో కూర్చుని ఉండగానే, బీమా అంటే చావును అమ్ముకునే వ్యాపారమని ఉపన్యాసం దంచాను. అయిపోయాక ఆయనే దగ్గరికొచ్చి భుజం తట్టారు.

"మంచిగ మాట్లాడినవ్ తమ్మీ. కాని చావును నేనేడ అమ్ముత? అది అందరికి పుక్కట్లనే వస్తది. నేనమ్మేది దాని తెల్లారి రోజును."

 

ఒకప్పుడు ఆయన ఎల్లారెడ్డిలో వీధిబడి నడిపారు. బడి మూతబడ్డాక ఒక బీమా కంపెనీకి ఏజెంటయ్యారు. పని మారినా పంతులన్న పిలుపు పోలేదు. ఆయన బేరం మొదట్లో ఒక్క అగ్గి బీమాయే. కామారెడ్డి బెల్లం, మద్నూరు పత్తి, బీర్కూరు గడ్డివాములు, అంటుకుంటే బుగ్గి అయ్యే ప్రతిదానికీ కాగితం రాసేవారు. దానికి మీరెవరూ అడ్డం చెప్పలేదు. బెల్లం కాలుతుందనుకోవడం మీకు ముందుచూపు. తర్వాత ఆయన ప్రాణానికీ బీమా అనేసరికి, మనిషి పోతాడనుకోవడం అపశకునం. ఇదెక్కడి న్యాయమని అడిగినవాడు ఆయనొక్కడే.

ఏటేటా అగ్గి బీమా తిరిగి రాసే వేళకు ఆయన గోదాం చూడటానికి వచ్చేవారు. ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. పంతులమ్మ వెంట ఉండేది. ఆయన ముందు గుమ్మంలోంచి గోదాంలోకి నడిస్తే, ఆమె పెరటి దారిన వంటింట్లోకి వెళ్లేది. ఈయన వంగి వంగి మూలల్లో బీడీ ముక్కలు ఏరేవారు, ఇసుక బకెట్లలో చెయ్యి పెట్టి చూసేవారు. ఆమె లోపల ఆడవాళ్ల పక్కన పీట వాల్చుకుని చిక్కుడుకాయలు తుంచుతూ మాట్లాడేది. మరాఠీ మాట్లాడే మద్నూరు ఇండ్లలోనైతే ఆ భాషలోనే. వేషం వేసినట్టుండే ఈ జంటను చూసి మీరు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు మా బావ గోదాంలో పోయింది. మా బావ కామారెడ్డిలో బెల్లం వ్యాపారి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అగ్గి కాగితం మడిచి ఇచ్చి, మంచినీళ్లు తాగి, ప్రతి ఏడూ అడిగేదే ఆయన మళ్లీ అడిగారు.

"గోదాం అయింది. మరి గోదాం మనిషి?"

"ఏంది పంతులూ, నేనేమన్న బెల్లం ముద్దనా అంటుకునేటందుకు?"

"బెల్లం నయం సేటూ. కాలేటప్పుడు వాసనన్న వస్తది, ఉరికొచ్చి నీళ్లు పోస్తం. మనిషి చెప్పకుంట పోతడు."

గుమాస్తాలు నవ్వారు. బావ కూడా నవ్వాడు. మూడేళ్ల పోరుకు విసిగి, "రాయి తియ్యి, నీ తోటి నేను పడలేను" అన్నాడు.

"మీ తర్వాత పైసలు ఎవలకియ్యాలె?"

"మా తమ్ముళ్లున్నరు గద."

"తమ్ముళ్లకు గోదాముల పాలున్నది. ఆమెకేమున్నది?"

బావ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "సరే. ఎల్లారెడ్డామె అని రాయి."

మా అక్క ఆ ఇంట్లో కాలుపెట్టి పన్నెండేళ్లు. పుట్టినూరే ఆమె పేరైపోయింది. భార్య పేరు నోటితో పలకడం మగవాడికి తక్కువని మా బావ నమ్మకం. మీ నమ్మకమూ అదే.

"ఎల్లారెడ్డిల ఎందరు ఆడోళ్లు! కంపెనీ ఎవలని దేవులాడుతది? పేరు చెప్పుండ్రి."

"గది నాతోని కాదు."

పంతులు వాదించలేదు. కలానికి మూత పెట్టి, కాగితం ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. బేరం పోతుందన్న తొందర ఆ మొహంలో లేదు. లోపల పంతులమ్మ ఏదో మెల్లగా అంటున్నది. అప్పుడు తలుపు వెనక నుంచి, గోదాంలో హమాలీలకు కూడా వినబడేలా, ఒక గొంతు వచ్చింది.

"సత్తెమ్మ. నా పేరు సత్తెమ్మ."

తోడబుట్టినవాణ్ని, నేనే ఆ పేరు విని ఎన్నేళ్లో అయింది.  పంతులు కలం మూత తీశారు.

రెండేళ్లకు బావ కలరాతో పోయాడు. కర్మలు ముగిసిన మర్నాడే మరుదులు అక్కను ఎల్లారెడ్డికి తోలడానికి బండి కట్టించారు. పంతులూ పంతులమ్మా వచ్చి ఎడ్ల ముందర నిలబడ్డారు. "బండి ఇప్పుండ్రి. ఈమె పేరు మీద కాగితమున్నది. పైసలొచ్చినంక ఏడ ఉండాలెనో ఆమెనే చెప్తది" అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. బండి విప్పారు. ఇవాళ అదే బజారులో మా అక్క సొంతంగా బెల్లం దుకాణం నడుపుతోంది. ఆడవాళ్ల హక్కుల కోసం ఏండ్ల తరబడి వేదికలెక్కి నేను అరిచినా కదలని బండ, కాగితం మీద రాసిన ఒక్క పేరుకు కదిలింది. 

తర్వాత ఒకసారి ఎల్లారెడ్డి బస్సులో ఆయన పక్కన కూర్చుని అడిగాను: మరి మీకు బీమా ఉన్నదా?

"లేదు తమ్మీ. కంపెనీ డాక్టరు నా ఛాతి మీద చెవి పెట్టి, మొఖం దించుకున్నడు. ఉబ్బసపోనికి ఇయ్యరట."

"మరి పంతులమ్మకు?"

ముందు సీటులో కునుకుతున్న ఆమెను చూపించి నవ్వారు. "ఆమెకు రాత నేర్పిన. ఇప్పుడు అన్ని కాగితాలు ఆమెనే రాస్తది. కంపెనీ ఇయ్యకపోతే ఏమాయె, నా బీమా నేనే ఇచ్చుకున్న."

తనకు దొరకనిదాన్ని ఊరూరా తిరిగి ఇంకొకరి భార్యకు ఇప్పించిన మనిషి ఆయన. అంతటివాణ్ని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇప్పుడు ఆ బీమాకు విలువ ఇవ్వాల్సింది మీరు. ఆయన ఏజెన్సీ తనకిమ్మని పంతులమ్మ అడిగితే, ఆడమనిషికి ఇవ్వలేమని కంపెనీ ఉత్తరం రాసింది. మొగుడు పోయిన మనిషి గుమ్మం తొక్కితే గోదాం అంటుకుంటదని మీరు గుసగుసలాడుతున్నారు. నిన్న వెళ్లి చూశాను. అరుగు మీద ఆయన గొడుగు పక్కన పెట్టుకుని, ఈ నెల తిరిగి రాయాల్సిన అగ్గి బీమా కాగితాలు ముందేసుకుని కూర్చున్నది. ఎవరి గోదాంలో ఇసుక బకెట్లు తక్కువో చూడకుండా చెప్తున్నది. నన్ను చూసి ఒక్కటే అడిగింది.

"నేను పోతె రానిస్తరా తమ్మీ?"

మీ తరఫున జవాబు చెప్పడానికి నాకు సిగ్గేసింది. అందుకే ఇవి అడుగుతున్నాను:

ఈ ఏటి అగ్గి బీమా కాగితాలు ఆమె చేతనే రాయించండి.

ఏజెన్సీ ఆమె పేర ఇవ్వాలని కంపెనీకి దరఖాస్తు పంపండి. అందరూ సంతకాలు పెట్టండి.

ఆమె వస్తే పెరటి దారి చూపకండి. ముందు గుమ్మంలోంచి రానివ్వండి.

లేచి వెళ్లాక నీళ్లు చల్లకండి.

"మరి గోదాం మనిషి?" అని ఆమె అడిగితే, కాగితం మీద రాయడానికి మీ భార్య పేరు చెప్పండి. తెలియకపోతే లోపలికి వెళ్లి అడగండి.