నోట్లో మిషన్ ఉన్న దశరథ్

నల్లగొండ స్కానింగ్ సెంటర్‌లో పనిచేసే దశరథ్, కరెంటు పోయిన పూట ఒక అవ్వ తలలోని నరాలన్నిటికీ నోటితోనే ఫోటో తీశాడు. నమ్మనివాళ్లు నారాయణపేట వెళ్లి అడగవచ్చు.

ఎమ్మారై మిషన్ చేసే చప్పుళ్లన్నీ ఆయన నోట్లోనే కాపురముంటాయి మరి. చాయ్ తాగుతూ "డగ్ డగ్ డగ్". అన్నం కలుపుతూ "గీంయ్". కేతేపల్లి దగ్గర బస్సులో మొదలుపెడితే, గేరుబాక్సు పోయిందని డ్రైవర్ బండి ఆపి కిందికి దూరాడు. బామ్మర్ది పెళ్లి బరాత్‌లో బ్యాండువాళ్లు వాయిద్యాలు చంకన పెట్టుకుని ఈయననే ముందు నడిపించారు.

వీటితో అందరికన్నా ఎక్కువ వేగింది నర్సు కోమల.

"దశరథన్నా, జర నోరు మూస్తవా? లోపల మిషన్, బయట నువ్వు! ఇంట్ల కుక్కర్ కూసినా సూది కోసం దేవులాడుతున్న."

"గిది కొత్తది, విను. టక్ టక్ టక్... మంచిగ వచ్చిందా?"

"మస్తు వచ్చింది. నాకు తలనొప్పి గూడ వచ్చింది."

ఆ రోజు భద్రమ్మ కూడా తలనొప్పితోనే వచ్చింది. నారాయణపేటలో చీరలు నేసి నేసి పండిన మనిషి. కొంతకాలంగా చూపు మసకబారుతోంది. తలలోని రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టిందేమోనని డాక్టర్ అనుమానం. రంగుమందు ఎక్కించి నరాల ఫోటో తీస్తే గాని వైద్యం మొదలుపెట్టలేడు. ఆలస్యమైతే చూపే పోవచ్చు.

కోమల చేతికి సూది అమర్చింది. అవ్వ మిషన్ సొరంగంలోకి వెళ్లింది. మిషన్ టక్ టక్‌మంది. తెరమీద బొమ్మ అలుక్కుపోయింది. మళ్లీ తీశారు. మళ్లీ అంతే.

"అవ్వా, కదులుతున్నవా?" దశరథ్ అడిగాడు.

"నేనెందుకు కదులుత బిడ్డా? పీనుగు లెక్క పన్న!"

ఇట్లయితే రంగుమందు ఎక్కించినా దండగే. కోమల సూది తీసెయ్యబోయింది. దశరథ్ మాత్రం అవ్వను బయట కూర్చోబెట్టి నోరు తెరిచాడు. "టక్ టక్ టక్..."

అవ్వ కుడికాలు లేచింది. అది దిగగానే ఎడమకాలు. తనకు తెలియకుండానే భద్రమ్మ మగ్గం తొక్కుతోంది!

"అవ్వా, నేసేటప్పుడు పోగు తెగితే ఏం చేస్తవ్?"

"కాళ్లు ఆపుత. లేకుంటే చీర ఖరాబైతది."

"గదే. టక్ టక్ టక్... పోగు తెగింది!"

కాళ్లు ఆగిపోయాయి. దశరథ్ ఒక్కో చప్పుడూ చేస్తూ, పోగు తెంపుతూ, గొంతు ఎండిపోయేదాకా అవ్వను ఆడించాడు. కోమల నోరు తెరుచుకు చూస్తోంది. రోజూ వరండాలో ఈయన రోగుల చెవులు హోరెత్తించేది ఇందుకా! అందుకేనేమో, బయట పరిచయమైన చప్పుడుకు లోపల ఎవరూ బెదరరు.

అవ్వ మళ్లీ లోపలికి వెళ్లింది. మైకులో దశరథ్: "అవ్వా, పోగు తెగింది." రంగుమందు ఎక్కింది. నరాలు తెల్లటి దారాల్లా విచ్చుకున్నాయి. ఒక్కచోట మాత్రం దారం నిజంగానే తెగినట్టుంది. గడ్డ అక్కడే ఉంది. డాక్టర్ ఆ పూటే మందు మొదలుపెట్టాడు.

చూపు తేటపడ్డాక భద్రమ్మ మళ్లీ వచ్చింది. వరండాలో ఎవరో స్కానింగంటే వణుకుతుంటే, కోమల పక్కన కూర్చుని "గీంయ్... డగ్ డగ్" అంటోంది.

"మిషన్ ఉత్తదేనమ్మా!" అవ్వ అందరికీ వినిపించేలా అంది. "ఆనాడు కరెంటు గూడ లేకుండె. గీ పిలగాడు నోటితోనే తీసిండు!"

దశరథ్ తల కూడా ఎత్తలేదు.

"కరెంటు ఉండె. ఫోటో మిషన్ తీసింది. సూది కోమల ఏసింది."