కొండపల్లి వస్తుందని రాశాను

అతను మా పత్రికలో ఇరవయ్యేళ్లు కంప్యూటర్ మీద వార్తలూ ఫోటోలూ పేర్చి పేజీలు పెట్టినవాడు, నాకంటే బాగా చిన్నవాడు. జిల్లా పేజీలు తగ్గించినప్పుడు ఉద్యోగం పోయింది. గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో శుభలేఖలు డిజైన్ చేసేవాడు. షుగరు కళ్ల మీద పడి, ఎడమ కన్ను దాదాపు కనిపించకుండా పోయింది. కుడి కంట్లో కూడా రక్తం చేరిందని, త్వరగా ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. ఆ తర్వాత కొన్ని వారాలు బోర్లా పడుకోవాలి. కంప్యూటర్ తెర చూడకూడదు. అందుకని అతను వాయిదా వేస్తూ వచ్చాడు.

కారణం ఒక కంప్యూటర్ ఆట. పాత రాజ్యాల్లో ఒకదాన్ని ఎంచుకుని, సైన్యాలు నడిపి, కోటలు పట్టే ఆట. తయారుచేసేవాళ్లు అప్పుడప్పుడూ కొత్త రాజ్యాలు కలుపుతారట. ఈసారి పేరు చెప్పకుండా ఒక బొమ్మ వదిలారు. చీకట్లో ఒక కొండ, దాని మీద కోట నీడ. ఇది ఎవరి కోట అని ఫోన్ గ్రూపులో ఆడేవాళ్లందరూ వాదించుకుంటున్నారు. మా పక్కనే ఉన్న కొండపల్లి కోటేనని మావాడి పట్టు.

ఒక మధ్యాహ్నం ప్రెస్సుకు వెళితే, కొండపల్లి ఫోటో మీద ఆ నీడను పరిచి చూపించాడు.

“మీరు కొండెక్కి ఆదివారం పేజీకి రాశారు గదా గురువుగారూ. చూసి చెప్పండి. బురుజులన్నీ సరిపోయినై.”

“కాలమ్ నిండకపోతే మంత్రిగారి ఫోటోనే సాగదీసేవాడివి. ఇప్పుడు కొండని సాగదీశావు.”

నవ్వాడు. “మీరొక్క ముక్క రాసి పెట్టండి. పేపరాయన రాశాడంటే గ్రూపులో నోళ్లు మూస్తారు.”

సరదాకి అతని ఫోన్‌లోనే రాశాను. ‘ఈసారి ఆటలో కొండపల్లి కోట చేరనున్నట్లు తెలిసింది.’ పత్రిక డెస్కులో మా అలవాటది. ఎవరూ ధ్రువీకరించని కబురును ‘తెలిసింది’ అని ముగించేవాళ్లం. ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పారు అని అడిగే పని ఉండదు.

సాయంత్రానికి గ్రూపులో “పేపరాయనే చెప్పాడు బ్రో, కన్ఫర్మ్” అని మొదలైంది. అక్కణ్ణించి వేరే గ్రూపులకు పాకి, వారం తిరిగేసరికి ఎవరో ఊరూ పేరూ లేనివాడి మాటగా మావాడికే తిరిగొచ్చింది.

“బయటివాళ్లు కూడా అంటున్నారు గురువుగారూ!”

“అది నేను రాసిందేనయ్యా.”

“ఎవరు రాస్తే ఏంటి, అందరూ అంటున్నారుగా.”

తర్వాత అతని భార్య ఫోన్ చేసింది. “ఆట వచ్చాక రెండ్రోజులు చూసి అప్పుడు చేయించుకుంటారంట అన్నయ్యగారూ. మీరు చెప్తే వింటారు.”

మంగళగిరిలో వాళ్లింటికి వెళ్లాను.

“ఆట రావడానికి నెలేగా గురువుగారూ,” అన్నాడు. “బోర్లా పడుకుని లేచాక కనపడుద్దో లేదో ఎవరు చూడొచ్చారు? ఒక్కసారి మన కొండని తెర మీద చూసి పడుకుంటా.”

కన్ను గురించి గట్టిగానే చెప్పాను. నేను రాసింది వట్టిదని మాత్రం చెప్పలేదు. అతని ముఖం చూశాక నోరు రాలేదు.

ఆట రావడానికి పది రోజుల ముందు, ప్రెస్సులో పని చేస్తుండగా కుడి కంటికి ఒక పక్కనుంచి నల్లటి తెర దిగినట్టయింది. రెటీనా ఊడిందన్నారు. ఆపరేషన్ చేశారు. వెలుతురు తెలుస్తోంది, అక్షరం తెలియడం లేదు.

ఆట వచ్చిన రోజున వెళ్లాను. డాక్టరు చెప్పినట్టే తల వంచుకుని కూర్చున్నాడు. నన్ను చూడమని కంప్యూటర్ పెట్టించాడు.

“మనదేనా?”

“కాదయ్యా. ఏదో చలిదేశం. కోట మీద మంచు కురుస్తోంది.”

చివరికి చెప్పాను. “నాకేమీ తెలియకుండానే ఆ వాక్యం రాశానయ్యా.”

“తెలుసు గురువుగారూ,” అన్నాడు తలెత్తకుండానే. “అట్లాంటివి ఎన్ని పేజీల్లో పెట్టలా నేను? మన కొండ అనేసరికి నమ్మా.”

అతని భార్య గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నావైపు చూడలేదు.

“అది ఆపేయమను,” అన్నాడు. “ఆ వెలుగొక్కటే కనపడతా ఉంది. గుచ్చుకుంటంది.”

ఆమె వచ్చి కంప్యూటర్ ఆపేసింది.