మా వదిన ఇంట్లోనే ఉన్న ఉదయాలు

నిన్న కంటి దవాఖానకు వెళ్లి ఇంటికి చేరానో లేదో, ఫోను అడిగింది, ఆ దవాఖాన ఎలా ఉంది, ఎన్ని స్టార్లు ఇస్తారు అని. నేను వెళ్లినట్టు దానికెవరు చెప్పారు? సాయంత్రానికి కళ్లద్దాల ప్రకటనలు కూడా దిగాయి. నాకు ఒళ్లు మండింది. "అందరి సంగతి గట్లనే తెలుస్తది దానికి, నువ్వు ఫికర్ పడకు అత్తమ్మా," అంది కోడలు నవ్వుతూ. మందు వేసిన కళ్లు మసకగా ఉంటే మూసుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు మేమున్న కొత్తవాడలో మా మగ్గం చప్పుడు చెవుల్లో వినిపించింది.

ఎనభైల మొదట్లో మాట. మా వాడకట్టులో ఇంటింటికీ జంపఖానాలు నేసే మగ్గం ఉండేది. ఎవరింట్లో ఏం జరుగుతోందో చూడనక్కర్లేదు, వింటే చాలు. మగ్గం ఆగిందంటే చుట్టాలొచ్చారనో, జ్వరం తగిలిందనో, మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం లేదనో అర్థం. అరగంట ఆగితే ఎవరో ఒకరు గడపలో నిలబడి "ఏమైందే, సప్పుడు లేదు?" అని ఆరా తీసేవారు.

మా ఇంట్లో అమ్మ, వదిన, నేను. నాన్న పోయాక ఆయన మగ్గం మీద వదిన కూర్చుంది. అన్నకు డోర్నకల్‌లో రైల్వే పని, ఆదివారాలు వచ్చిపోయేవాడు. నేను ఇంటర్ చదువుతున్నాను.

వదిన పెళ్లికి ముందు పదో తరగతి తప్పింది. ఆ సంగతి ఎలా పొక్కిందో గానీ, బోరింగు దగ్గర ఆడవాళ్లు "పదోది ఫేలు" అని ఆటపట్టించేవారు. ఆమె నవ్వేసేది, బిందె మాత్రం నిండకుండానే ఎత్తుకొచ్చేది. నర్సు ట్రైనింగుకు పోవాలని ఆమె కోరిక. దానికి పది పాసవ్వాలి. ఆ ఏడు ప్రైవేటుగా పరీక్షకు కట్టింది.

"మల్ల తప్పితే ఈ వాడకట్టుల తలెత్తుకోలేను. ఎవ్వరికి తెల్వద్దు. మీ అన్నకు గూడ పాసైనంకనే చెప్త," అని నా చెయ్యి పట్టుకుంది.

పరీక్ష రాయడానికి ఆరు ఉదయాలు ఆమె దొడ్డి తలుపు నుంచి వెళ్లాలి. ఆ పూట మగ్గం ఆగకూడదు. అమ్మకు నూలు చుట్టే పని ఉంది, కాబట్టి కూర్చోవలసింది నేనే.

నాకు నేత రాదు. నేత ఇంట్లో పుట్టి రాకపోవడమేమిటని అడగకండి, చదువుకునే పిల్లనని గారాబం. నాకు తెలిసిందల్లా చప్పుడు రావాలని. వీధి తలుపు ఓరగా వేసి గడియారంలా కొడుతూ కూర్చునేదాన్ని. పెంకుల సందుల్లోంచి ఎండ దిగి పోగుల మీద మెల్లగా నడిచేది. అందులో నూలు దుమ్ము తేలేది. ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. అక్కడ వదిన రాస్తున్న అక్షరాలను ఇక్కడ నేనే ఒక్కొక్కటీ దించుతున్నట్టు ఉండేది. నేను నేసిన వంకర జానెడును ఆమె మధ్యాహ్నం విప్పి మళ్లీ నేసేది.

విచిత్రం, ఆ ఆరు రోజులూ మా గడప ఎవరూ తొక్కలేదు. రోజూ అగ్గిపెట్టెకని వచ్చే ఎదురింటి అత్త కూడా రాలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, మా భయమంతా ఆమె గురించే. మా తెలివికి మేమే మురిసిపోయాం.

ఫలితాలు పేపర్లో వచ్చాయి. పేర్లుండవు, నంబర్లే. చౌరస్తా హోటల్లో పేపరు అడిగి మూడుసార్లు వెతికాను. వదిన నంబరు లేదు. ఇంటికొచ్చి తల అడ్డంగా ఊపాను. ఆమె ఏడవలేదు. వెళ్లి మగ్గం మీద కూర్చుంది గానీ చెయ్యి ఆడలేదు. చప్పుడు ఆగిపోయింది. ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.

పక్కింటి తాత వచ్చాడు. వాడకట్టులో అందరికన్నా పాత నేతగాడు, చూపు సరిగా ఆనదు. గడపలో కూర్చుని, ఏమైందని అడగలేదు.

"సెప్టెంబర్ల మల్ల ఉంటదట గద బిడ్డా," అన్నాడు.

వదిన బిత్తరపోయింది.

"నువ్వు పరీక్షకు పోతున్నవని మొదటి దినమే ఎరుకైంది, బడి కాడ చూసినోళ్లున్నరు. సప్పుడు వింటనే అది నీ చెయ్యి గాదని చిన్న పోరగాళ్లకు గూడ తెలిసె. నీ ఎదురింటామెను మేమే పోవద్దన్నం. ఈసారి ఈ పిల్లను కూసోబెట్టకు, నూలు ఆగమైతది. నేనొచ్చి కూసుంట. నీ దెబ్బ నాకెరుకే."

అప్పుడు ఏడ్చింది వదిన. నేనూ ఏడ్చాను, కొంత సిగ్గుతో.

రెండోసారి ఆమె నంబరు పేపర్లో వచ్చింది. తర్వాత నర్సు బట్టలూ వేసుకుంది. నాకు మాత్రం కళ్లు మూసుకుంటే కనిపించేది ఆ సెప్టెంబరులో ఆఖరి పరీక్ష రోజు. నేనే ఎదురెళ్లి తీసుకొస్తున్నాను. వాడకట్టు మలుపులో వదిన టక్కున ఆగింది. మా ఇంట్లోంచి మగ్గం వినిపిస్తోంది. రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఒక మెత్తటి దెబ్బ. అచ్చం ఆమె నేసినట్టే. బోరింగు దగ్గర ఆడవాళ్లు మమ్మల్ని చూసి, ముఖాలు అటు తిప్పుకుని, కడిగిన బిందెలే మళ్లీ కడుగుతున్నారు.

ఆమె హాల్ టికెట్ గుండెకు ఆనించుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"చూస్తివా," అంది మెల్లగా. "నేను ఇంట్లనే ఉన్న."