తిరగేసి చూసే మనిషి

మొన్నమొన్నటి దాకా మా వీధిలో రామలింగప్ప నోట "బాగుంది" అన్న మాట విన్నవాళ్ళు లేరు. నేను ముప్పైరెండేళ్ళు మున్సిపల్ బళ్ళో డ్రాయింగు మాస్టరుగా చేసి, ఆయన ఎదురింట్లోనే ఉంటూ రిటైరయ్యాను. ఆ మాట కోసం నేనూ ఒకప్పుడు ఆశపడ్డవాణ్ణే. మా వసారా గోడ మీద కొండలూ తుంగభద్రా రంగుల్లో వేసి, ఆయన్ని పిలిచి చూపించాను. గోడను గోటితో గీకి, "సున్నం ఊడతాది సార్" అన్నాడు. ఆర్నెల్లకు ఊడింది కూడా. ఊడినందుకు గోడ మీద రావలసిన కోపం నాకు ఆయన మీద వచ్చింది. చాలా ఏళ్ళు పూర్తిగా పోలేదు.

రామలింగప్పది ఎమ్మిగనూరులో పాత నేత కుటుంబం. నడిమింట్లో గుంట మగ్గం ఉంది. పన్నెండో ఏట ఆ గుంటలో కాళ్ళు పెట్టినవాడు యాభై ఎనిమిదో ఏట కూడా అక్కడే కూర్చుని నూలు చీరలు నేస్తున్నాడు. ఎవరు ఏ గుడ్డ చేతికిచ్చినా ముందువైపు చూడడు, ముందు తిరగేస్తాడు. వెనక దారాలు వేలాడుతున్నాయా, తెగిన చోట ముడి ఎట్లా వేశారు, రంగు మారినప్పుడు అడ్డంగా పోయే పేక దారాన్ని ఎక్కడ తెంపారు, అవన్నీ చూసి పెదవి విరుస్తాడు. "పైన పటారం, లోన లొటారం" అంటాడు. ఆ తీర్పు మీద ఇంక అప్పీలు లేదు.

ఈ అలవాటుతో ఆయన తిన్న తిట్లు ఒకటా రెండా! ఆదోనిలో ఒక పెళ్ళికి పోయి, అక్షింతలు వేసిన చేత్తోనే పెళ్ళికూతురి కొంగు పట్టుకుని తిరగేశాడు. పెళ్ళికూతురి తల్లి కేకలు పెట్టింది. మగపెళ్ళివారు చెప్పులు వెతుక్కుంటూ లేచారు. ఆయన భార్య శశికళ అందరికీ దండాలు పెట్టి, "మా ఆయన మంచోడే, చెయ్యే మంచిది కాదమ్మా" అని బతిమాలి బయటపడేసింది. ఆనాటినుంచి ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. నలుగురూ చేరిన చోట రామలింగప్ప చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి.

ఊరంతా దీన్ని నవ్వులాటగా తీసుకున్నా, ఒకసారి మాత్రం నాకు నవ్వు రాలేదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ప్రణీత పదకొండేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో నెల రోజులు మగ్గం మీద కూర్చుని ఒక తువ్వాలు నేసింది. అంచున చిలకలు. చిలకల బొమ్మ నేనే గీసిచ్చాను. తువ్వాలు రెండు చేతుల మీదా పెట్టుకుని తండ్రి దగ్గరకు వచ్చింది. ఆయన అలవాటు ప్రకారం తిరగేశాడు. "ఎనక చూడు పాపా, దారాలు ఎట్ల వేలాడతాండాయో. ముందరపక్క ఎవురైనా నేస్తారు" అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. తువ్వాలు మడిచి తీసుకుపోయింది. మళ్ళీ ఆ గుంటలో కాలు పెట్టలేదు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను మాట్లాడడం లేదని ఆయనకు తెలియనే లేదు, అది వేరే సంగతి.

ప్రణీత నా దగ్గర బొమ్మలు నేర్చుకుని, పై చదువులు చదివి, పుణెలో ఒక కార్ల కంపెనీలో చేరింది. కార్ల లోపల సీట్లకూ తలుపులకూ ఏ గుడ్డ వెయ్యాలి, ఏ రంగు వెయ్యాలి అని చూసే పని. నిరుడు ఆ కంపెనీ ఒక కొత్త కారు విడుదల చేసింది. ఎంత దూరమైనా ఒళ్ళు అలవకుండా పోవడానికని చేసిన ఖరీదైన కారు. రెండే తలుపులు, బారెడు ముక్కు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్ళు. లోపల సీట్లకు తోలు బదులు నూలు గుడ్డ. ఆ గుడ్డ మా ప్రణీత పని.

ఫొటోలు రాగానే ఫోన్లలో జనం రెండు జట్లయ్యారు. ఇంత అందమైన బండి పుట్టలేదని కొందరు, దీన్ని గీసినవాడి చెయ్యి విరగ్గొట్టాలని కొందరు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అన్నారా? నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అయినా చెబుతాను, గీత బాగుంది, ముక్కు ఒక జానెడు తగ్గించాల్సింది.

పోయిన నెల ప్రణీత నాలుగు రోజుల సెలవు మీద ఊరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా ఊరి పత్తి మిల్లు యజమాని ఉమామహేశ్వర ఆ కారు కొన్నాడు. "మన ఊరి పిల్ల చేసిన బండి, మొదట వాళ్ళింటికే తీసుకొస్తా" అని కబురు పెట్టాడు. ఆ పొద్దున ప్రణీత మా వసారాలోకి వచ్చి కూర్చుంది.

"సార్, ఫొటోలు ఫోన్లో పంపి పది నెలలాయె. నాయన ఒక్క మాట అనలా. ఊరోళ్ళు ఏమన్నా నాకు ఫరవాలేదు. ఈ పొద్దు బండి కళ్ళముందరికి వస్తాది. నాయన బాగుండాది అంటే చాలు."

"అనకపోతే?"

"ఇంక ఎప్పుడూ అడగను సార్. నా పని సంగతే ఈ ఇంట్లో ఎత్తను." నవ్వుతూనే అంది గాని, కొంగు చివర మాత్రం వేలికి చుట్టుకుంటూనే ఉంది.

కారు వచ్చింది. వచ్చింది అనడం కన్నా తెచ్చారు అనడం సబబు. వీధి మొదట్లో స్పీడుబ్రేకరు కడుపుకు తగులుతుందని పలకలు వేసి, నలుగురు ముందు నడిచి, పెళ్ళికొడుకును తెచ్చినట్టు తెచ్చారు. బొరుగుల ఉగ్గానీ బజ్జీలూ అమ్మే ఈరక్క పొయ్యి మీద బాణలి అట్లాగే వదిలేసి వచ్చింది.

"అబ్బ, ఏం ముక్కు! మనిషి ఇంకా బస్టాండులో ఉంటే ముక్కు ఇంటికొస్తాది కదప్పా" అంది.

ట్రాక్టర్లు బాగుచేసే రామకృష్ణ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఇంత దుడ్లు పెట్టి రెండే తలుపులా? ఎనక కూచునేటోళ్ళు ముందరి సీటు వంచి దూరాల్నా? మా ట్రాలీలో పదిమంది ఎక్కుతారు."

"నీకు ట్రాలీనే లెక్క! ఆ నడుము చూడప్పా, ఎంత నున్నగుండాదో" అని ఉమామహేశ్వర ఉడుక్కున్నాడు. పాపం, కొన్నవాడు ఆయన. పొద్దుట్నుంచీ దారి పొడుగునా ఇవే మాటలు వింటూ వచ్చినట్టున్నాడు, మొహం చిన్నబోయి ఉంది. చివరకు రామలింగప్ప వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు రామలింగప్పా. నీ బిడ్డ చేసిన బండి. ఎట్లుండాది?"

"కాకిపిల్ల కాకికి ముద్దు. ఆయన్ని అడిగితే ఏం చెప్తాడు?" అన్నాడు రామకృష్ణ.

"ఈ కాకి సంగతి నీకు తెలీదు" అన్నాను నేను.

రామలింగప్ప చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. పక్కనే శశికళ కాపలా. ఆయన కారు ముక్కు చూడలేదు, నడుము చూడలేదు. తెరిచిన తలుపులోంచి సీటు గుడ్డ చూస్తున్నాడు. బూడిద రంగు గుడ్డ, అంచున సన్నటి ఎర్రగీత. చీరకు అంచు వేసినట్టే ఉంది. వెనక కూర్చోవడానికి దారి చూపిస్తానని ఉమామహేశ్వర ముందు సీటును ముందుకు వంచాడు. సీటు అడుగు కనబడింది. అడుగున గుడ్డను బిగించిన జిప్పు ఉంది.

అంతే. చేతులు ముందుకు వచ్చేశాయి. శశికళ "ఏమయ్యో!" అనేలోపల ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి దూర్చి, జిప్పు బర్రున లాగాడు. గుడ్డ అంచు పట్టుకుని తిరగేశాడు.

"రామలింగప్పా! కొత్త బండప్పా అది! ఇంకా పూజ కూడా కాలేదప్పా!" ఉమామహేశ్వర గుండెలు బాదుకున్నాడు. రామకృష్ణ పడీ పడీ నవ్వాడు. శశికళ నుదురు కొట్టుకుంది. నేను మాత్రం ప్రణీత మొహమే చూస్తున్నాను. పదకొండేళ్ళప్పుడు రెండు చేతుల మీదా తువ్వాలు పెట్టుకుని తండ్రి ముందు ఎట్లా నిలబడిందో అట్లాగే ఉంది.

నేనూ వంగి చూశాను. గుడ్డ ముందు ఎంత నున్నగా ఉందో వెనకా అంతే నున్నగా ఉంది. ఒక్క దారం వేలాడడం లేదు. ఎర్రగీత మొదలైన చోట ముడి ఎక్కడుందో వేలికి కూడా తగలదు.

"ఈ ఎనకపక్క పని ఎవురు చేయించినారు?" అన్నాడు రామలింగప్ప, తల బయటికి తీయకుండానే.

"నేనే నాయనా."

"అడుగున ఉండేది కదా. ఇది ఎవురికి కనపడతాదని?"

"మా ఆఫీసులోనూ అదే అడిగినారు" అంది ప్రణీత. "ఖర్చు దండగ, సీటు కింద ఎవురు చూస్తారు అన్నారు. ఒకాయన చూస్తాడని చెప్పినా. ఆర్నెల్లు కొట్లాడినా."

రామలింగప్ప తల బయటికి తీశాడు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి.

"బాగుండాది" అన్నాడు.

"ఏమన్నావు?" అంది శశికళ.

"బాగుండాది అన్నా. శానా బాగుండాది. చాలా?" కసురుకున్నాడు. గొంతు మాత్రం కసురుకున్నట్టు లేదు. ఆ వెంటనే, "బండి ముక్కు పొడుగే, అది నాకు సంబంధం ల్యాదు" అన్నాడు. ఈరక్క గెలిచినట్టు చూసింది. ఉమామహేశ్వర కూడా నవ్వేశాడు. ఆ గోడ బొమ్మ గురించి ఆయన మీద నాకున్న కోపం కూడా అక్కడే పోయింది.

ఆయన మళ్ళీ లోపలికి వంగి జిప్పు వెయ్యబోయాడు. అది సగంలో ఇరుక్కుపోయింది. ప్రణీత వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చిన్నప్పుడు ఏడవని పిల్ల ఇప్పుడు వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నువ్వు లే నాయనా, నేనేస్తా" అంది.

ఆయన లేవలేదు. ఇద్దరూ అక్కడే కూర్చుని, తలా ఒక చెయ్యి వేసి ఆ జిప్పు లాగుతూ ఉన్నారు.