అమ్మ నోట్లో రెండో గాటు

మా అన్నయ్య గురునాథరావు ఎవర్నీ నమ్మడు. ఇది తిట్టు కాదు, ఆయన ఉద్యోగం. విశాఖ పోర్టులో ఓడల్లోంచి దిగే బొగ్గుకి శాంపిల్ తీసే కంపెనీలో ముప్ఫై ఏళ్లుగా పని చేస్తున్నాడు. అమ్మినవాడు బంగారంలాంటి బొగ్గంటాడు, కొన్నవాడు అంతా బూడిదంటాడు. మా అన్నయ్య నెత్తిన హెల్మెట్ పెట్టుకుని గుట్ట ఎక్కి, ఇక్కడో పారెడు అక్కడో పారెడు తీసి, పొడి కొట్టించి, పొట్లాలు కట్టి, సీలు వేసి ల్యాబుకి పంపిస్తాడు. పొట్లం మీద నంబరే ఉంటుంది, పేరుండదు. ఎవరి బొగ్గో తెలిస్తే ల్యాబువాడి చెయ్యి అటో ఇటో వాలుతుందట.

అక్కడితో ఆగితే ఎవరికీ బాధ లేదు. మహానుభావుడు ఆ పద్ధతిని రోజూ సాయంత్రం ఇంటికి మోసుకొస్తాడు. రెండు కొట్ల కందిపప్పు రెండు గిన్నెల్లో వండించి, ఏది ఎక్కడిదో చెప్పకుండా మా చేత రుచి చూపిస్తాడు. ఆయన పెళ్లికి జాతకాలు ఇద్దరు పంతుళ్లకి చూపించాడు, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియనివ్వకుండా. ఇద్దరూ దివ్యంగా ఉందన్నారు. మా వదిన సత్యశ్రీ ఇప్పటికీ ఆ ఇద్దరి కోసం వెతుకుతోంది.

నేను ఆయన చెల్లెల్ని, రోజారమణిని. దువ్వాడలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని. నా నోటికి పిల్లలూ, వంటవాళ్లూ, చివరికి పిల్లల తండ్రులూ భయపడతారు. ఆ నోరు నా సొంతం కాదు, మా అమ్మ కాశమ్మది. ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. గాజువాకలో అన్నయ్య దగ్గరుంటుంది. డాబా మీద నిలబడి పిలిచిందంటే వీధి చివర ఆటో ఆగుతుంది, పిలిచింది దాన్ని కాకపోయినా.

అమ్మది విజయనగరం అవతల పల్లె. పదిహేనో ఏట నుంచీ చుట్ట అలవాటు, అదీ అడ్డపొగ. అంటే వెలుగుతున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. గాలికి ఆరిపోదు, నాట్లేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆ ఊళ్లో ఆడవాళ్లందరూ అలాగే కాల్చేవారు. ఎనిమిదేళ్ల కిందట మానేశానని చెప్పింది. మానేయడం, మానేశానని చెప్పడం రెండూ ఒకటేనని అన్నయ్య ఎలా నమ్మాడో నాకు తెలీదు. లోకంలో దేన్నీ నమ్మనివాడు దీన్ని నమ్మాడు.

పోయిన ఆషాఢంలో అమ్మ అంగిట్లో పుండు కనబడింది. నెల రోజులైనా మానలేదు. నగరంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించి, కేన్సరని తేల్చారు. అంగిలి ఒక పక్క ఎముకతో సహా తీసేయాలి, తర్వాత కరెంటు పెట్టాలి, అంటే రేడియేషన్, నెలలోపు ఆపరేషన్ అయిపోతే మంచిది, ఆలస్యమైతే తీయడానికి వీలుపడకపోవచ్చు అన్నాడు డాక్టరు.

అమ్మ ఒక్కటే అడిగింది. "మాటొత్తాదా బాబూ?"

డాక్టరు నోరు తెరిచేలోపే మా అన్నయ్య అందుకున్నాడు. "ఈ ముక్కని మీ ల్యాబులో ఒకరే సూసినారా, ఇద్దరు సూసినారా? ఎవరి పేషెంటో ఆళ్లకి ముందే తెలుసేటి?" అక్కడ మొదలుపెట్టి పావుగంట ఆయన్ని కోర్టుబోనులో నిలబెట్టాడు. బయట నలభై మంది ఎదురు చూస్తున్నారు. చివరికి డాక్టరు ఒక లావుపాటి ఫైలు మా చేతికిచ్చి, అన్నీ ఇందులో ఉన్నాయి, ఇంటికెళ్లి చదువుకోండి, ఏదైనా ఉంటే రండి అన్నాడు. అమ్మ ప్రశ్న అక్కడే గాల్లో కలిసిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ మంచం మీద కూర్చుని తీర్పు చెప్పేసింది. "అంగిలి తీసేత్తే మాటేటి మిగులుద్ది? మాట నేకుండా నాను బతకను. ఆపరేషనూ వద్దు, గీపరేషనూ వద్దు. మీకు పున్నెముంటాది, నన్నొగ్గేయండి."

నెలలోపు ఈవిణ్ని ఎలా ఒప్పించాలా అని నేను ఏడుస్తుంటే, మా అన్నయ్య మాత్రం మొహం వెలిగించుకుని ఫైలుని ఒక కవర్లో పెట్టి, టేపు అంటించి, స్కూటర్ డిక్కీలో పడేశాడు.

"ఇంకో డాక్టరుకి సూపిద్దుం," అన్నాడు.

"సూపిద్దుం అన్నియ్యా, మంచిదే. ఫైలు డిక్కీలో ఎందుకెట్టినావ్?"

"పిచ్చిదానా, ముందే కేన్సరని సెప్పేత్తే ఆ డాక్టరుకీ కేన్సరే కనపడతాది. ఏటీ సెప్పకుండా సూపించాల. అప్పుడు గాని నిజం తెలీదు."

"అమ్మ బొగ్గేటి, పొట్లం కట్టి పంపడానికి?"

"పేరు కూడా మారుద్దుం," అన్నాడు, నేను అడిగింది చెవినపడనట్టే. "ఈ ఆసుపత్రులోళ్లు ఆళ్లలో ఆళ్లు ఫోన్లు సేసుకుంటారు."

చూశారుగా తెలివి! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కానీ ఒక నిజం చెప్పాలి. వారం తర్వాత రెండో ఆసుపత్రిలో ఫారం నింపింది నేనే. నా చేత్తోనే సత్యశ్రీ, డెబ్భై నాలుగేళ్లు అని రాశాను. అన్నయ్య చెప్పినట్టు నిజంగానే అది కేన్సర్ కాదని తేలితే ఎంత బాగుండునని నా ఆశ. వదినకి తెలిసి ఒకటే గోల. పేరు వాడుకున్నందుకు కాదు, వయసు మార్చనందుకు.

అక్కడ హాల్లో కూర్చున్నాం. నర్సు వచ్చి సత్యశ్రీ అని పిలిచింది. అమ్మ చుట్టూ చూసింది. నర్సు రెండోసారి గట్టిగా పిలిచింది. అమ్మ హాలంతా వినపడేలా నాతో అంది, "ఒలే రమణా, మీ వదిన కూడా ఒచ్చినాదేటి? ఆ పిల్ల గొంతు సించుకుంతంది, ఎల్లమను."

"అమ్మా, నువ్వే సత్యశ్రీవి, నెగు," అని నేను చెవిలో గొణిగేసరికి నర్సు తర్వాతి పేరుకి వెళ్లిపోయింది. మళ్లీ మా వంతు రావడానికి రెండు గంటలు పట్టింది.

లోపల చిన్న డాక్టరమ్మ ఒకరు చూసి, ఇంతకుముందు ఎక్కడైనా చూపించారా అని అడిగింది. అన్నయ్య లేదన్నాడు, కళ్లు ఆర్పకుండా. మరి ఆ పిల్లకి వేరే దారేముంది? నోరు వాచిపోయి ఉంది కాబట్టి సరిగ్గా కనబడటం లేదు, ముక్క తీసి పంపాలి అంది. మొదటి గాటు ఇంకా పూర్తిగా మానలేదు. దాని పక్కనే ఇంకో గాటు పడింది. అమ్మ నా మణికట్టు పట్టుకుని గోళ్లు దింపేసింది. రెండు రోజులు గంజి కూడా దిగలేదు. ఉప్పు తగిలితే కళ్లల్లోంచి నీళ్లు కారిపోయేవి. అది చూసి అన్నయ్య మీద ఒక్క అరుపు అరిచాను. ఆయన గోడకేసి చూస్తూ, "రిపోర్టు రానీ సెల్లీ, రిపోర్టు రానీ," అంటూ కూర్చున్నాడు.

రిపోర్టు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ముందు పోయిన ఏడూ కలిపితే పంతొమ్మిది. డాక్టరు ఇచ్చిన నెలలో అంత తినేశాం.

ఈసారి పెద్ద డాక్టరు మిరియం గారు చూశారు. రిపోర్టు చదివి, లైటు వేసి అమ్మ నోట్లోకి చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని, "మేం తీసింది ఒక ముక్క. ఇక్కడ రెండు గాట్లున్నాయి. రెండోది ఎవరు తీశారు?" అన్నారు.

మా అన్నయ్య పైన తిరిగే ఫ్యానుకేసి చూశాడు. నేను నా చెప్పులకేసి చూశాను.

అమ్మే చెప్పేసింది. "అమ్మా, నా పేరు కాశమ్మ. సత్యశ్రీ నా కోడలు. ఈ ఎదవకి బొగ్గు తప్ప ఏటీ తెల్దు. ముందే ఇంకో ఆసుపత్రిలో సూపించినాం. ఆ కాయితాలు బండి డిక్కీలో ఉన్నాయి. మాటాడితే నొప్పెడతంది, మిగిలింది మా రమణనడుగు."

మిరియం గారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ ఫైలూ, ఆ ముక్క తాలూకు స్లైడులూ తెచ్చి ఇచ్చుంటే మా ల్యాబులో మళ్లీ విడిగా చూసేవాళ్లు. మూడు రోజుల్లో చెప్పేదాన్ని. ఈవిణ్ని మళ్లీ కోయాల్సిన పనే లేదు," అన్నారు.

అన్నయ్య పరుగెత్తుకెళ్లి కవరు తెచ్చాడు. టేపు ఎంత పీకినా ఊడిరాకపోతే ఆవిడే కత్తెరిచ్చారు. ఒక్కొక్క కాగితమే చూసి, అంతా సరిగ్గానే ఉంది, నేను చెప్పబోయేది కూడా ఇదే అన్నారు. అదే రోగం, అదే ఆపరేషన్, తర్వాత అదే కరెంటు.

"మరి ఈ పంతొమ్మిది రోజుల వల్ల..." అన్నయ్య కాగితం మీది తేదీ మీద వేలు పెట్టాడు. "ఎంత తేడా వచ్చుంటాదండీ?"

"తెలీదు. ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇప్పటికైతే తీయడానికి వీలుంది. ఇంక ఒక్క రోజు కూడా పోగొట్టకండి."

బూడిద శాతాన్ని రెండు దశాంశాల దాకా రాసే మనిషికి తెలీదనే జవాబు వచ్చింది. దాంతో ఏం చేసుకోవాలో తెలీక తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు.

ఫైలు అడుగున ఒక కాగితం ఉంది. మిరియం గారు దాన్ని అమ్మ ముందు పెట్టారు. పళ్లసెట్టులాంటి పలక బొమ్మ. అంగిలి తీసేసిన చోట దాన్ని అమరుస్తారట. అది పెట్టుకుని తినొచ్చు, మాట్లాడొచ్చు. మొదటి ఆసుపత్రివాళ్లు తెలుగులో శుభ్రంగా అచ్చేసి ఇచ్చారు. పంతొమ్మిది రోజులు అమ్మ మాట పోతుందని గోడవైపు తిరిగి పడుకుంటే, ఆ జవాబు మా స్కూటర్ మీద గాజువాకంతా తిరిగింది.

అమ్మ బొమ్మని వేలితో తడిమింది. "ఇదెట్టుకుంటే తిట్టగలనా?"

"కొన్నాళ్లు ముక్కులోంచి వస్తుంది మాట. నెమ్మదిగా అలవాటవుతుంది. తిట్లకి మాత్రం ఏ లోటూ ఉండదు."

అన్నయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను వెనకాలే వెళ్లేసరికి మెట్ల మీద కూలబడి ఉన్నాడు. రెండు ల్యాబులూ ఒకే మాట చెప్తే పోర్టులో ఆ రోజు ఆయన స్వీట్లు పంచుతాడు. "రెండు రిపోర్టులూ కలిసిపోనాయే సెల్లీ," అని చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పంతొమ్మిది రోజులుగా ఆయన్ని కడిగేద్దామని దాచుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

అంతలో అమ్మ తనంతట తనే గోడ పట్టుకుని బయటికొచ్చింది. చేతిలో చీటీ ఉంది.

"గురువారం ఆపరేషన్. నాను సరేనన్నాను," అంది.

అన్నయ్య గబుక్కున లేచాడు. "అప్పుడే సరేనన్నావేటమ్మా? హైదరాబాదులో ఇంకో పెద్ద డాక్టరున్నాడంట. ఈసారి ఫైలు ఇచ్చే సూపిద్దుం. ఒక్కసారి అడిగి..."

"గురూ," అంది అమ్మ. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "రోగం నాది. నాను ఒప్పేసుకున్నాను. నువ్వొప్పుకోడానికి ఇంకెంతమంది నా నోట్లో సెయ్యెట్టాలిరా?"

అన్నయ్య తల దించుకున్నాడు. నేను ఆయన్ని చూసి ఒక్క వెటకారం మాట కూడా అనలేకపోయాను. ఎందుకంటే ముందురోజు మధ్యాహ్నం, రిపోర్టు ఎలా వచ్చినా ఉంటుందని, ఎవరికీ చెప్పకుండా, నేనూ ఒక మూడో ఆసుపత్రికి ఫోన్ చేసి సోమవారానికి పేరు రాయించాను. ఆటో ఎక్కేముందు పక్కకి వెళ్లి, రావడం లేదని వాళ్లకి చెప్పాను.